జలాశయంలో అత్తగారి నాలుక

పప్పుచారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే వకుళకు అర్థమైంది, జలాశయంలో బురద లేచిందని.

పులుపు నషాళానికి అంటింది. చింతపండు రెట్టింపు పడింది. అంటే నీళ్లు చప్పబడ్డాయన్నమాట. మొన్న బీరకాయ కూరలో ఉప్పు లేకపోవడానికి కారణం నీళ్లలో ఉప్పదనం పెరగడం. అంతకుముందు వారం పాయసంలో ఎవరూ పంచదార వేయలేదు. ఆ రోజు నీళ్లు తియ్యగా ఉన్నాయట.

"ఎగువన బర్రెలు దిగినట్టున్నాయి," అంది వకుళ మెల్లగా.

ఆమె భర్త విరూపాక్ష, ఊళ్లోని జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. గ్లాసెడు మజ్జిగ గడగడా తాగి, "మన ఇంట్లో అన్నానికి కూర్చునే ముందు నీటిమట్టం కనుక్కోవాల్సి వస్తోంది," అని గొణిగాడు.

"ఏందిరా సణుగుతుండావ్?" వంటింట్లోంచి అతని తల్లి భ్రమరాంబగారి గొంతు వినిపించింది. "బాగలేకుంటే బాగలేదని చెప్పు. నాకేం కోపం రాదు."

ఆ మాట నమ్మి గతంలో దెబ్బతిన్నవాళ్లు ఆ బల్ల దగ్గర ఇద్దరున్నారు. ఇద్దరూ తలవంచుకుని తిన్నారు.

నిజానికి తప్పు భ్రమరాంబగారిది కాదు. ఆమె నాలుక ఆ ఇంట్లో లేదు. మూడు కిలోమీటర్ల అవతల, బోడికొండ జలాశయంలో, మూరెడు లోతు నీళ్లలో ఉంది.

దాన్ని అక్కడ పెట్టింది కోడలే.

వకుళ నీటి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. నీళ్లలో ఏముందో చెప్పే యంత్రాలు ఆ కేంద్రంలో బోలెడున్నాయి. సీసాకు నీళ్లు పట్టి పంపితే ఆరో రోజుకు ఆరు పేజీల నివేదిక వస్తుంది. ఈలోగా ఆ నీళ్లు ఊరంతా తాగేసి ఉంటుంది. మనిషి నాలుకకైతే అరక్షణం చాలు. పాలు విరిగాయని తెలుసుకోవడానికి ఎవరూ నివేదిక కోసం ఎదురుచూడరు. మరి నాలుకనే తీసుకెళ్లి నీళ్లలో పెడితే?

మూడేళ్లు కష్టపడి వకుళ అదే చేసింది. నాలుక మీద నుంచి ఆవగింజంత ముక్క తీసి, గాజుపళ్లెంలో పోషించి, బెత్తెడు పట్టీగా పెంచింది. ఊరికి నీళ్లు వదిలే తూము పక్కన దాన్ని వేలాడదీసింది. అయితే రుచి తగిలితే సరిపోదు, అది మంచిదో చెడ్డదో తేల్చే తల ఒకటి కావాలి. అందుకని పట్టీకి తగిలిన రుచి, ఆ నాలుక సొంతదారు చెవి వెనక అంటించిన రూపాయి బిళ్లంత పరికరానికి చేరుతుంది. రుచి బాగుంటే తూము షట్టర్ వేళకు లేస్తుంది. సొంతదారుకు అసహ్యం పుడితే దానంతటదే దిగిపోయి, లోపల గొళ్లెం పడుతుంది. నోటితో చెప్పే మాట బిళ్లకు పట్టదు. నిజంగా లోపలి నుంచి 'ఛీ' పుట్టాలి.

ఎవరి నాలుక అన్న దగ్గర పోటీయే లేదు. బోడికొండపేటలో పెళ్లి వంట దించాక మొదటి గరిటె భ్రమరాంబగారికే. ఆవకాయల కాలంలో ఆమె వచ్చి ముక్క కొరికి తలాడిస్తే తప్ప ఎవరూ జాడీకి వాసెన కట్టరు. సొంత చెల్లెలి కూతురి పెళ్లిలో వియ్యాలవారి ఎదుటే "ఈ పులిహోర నిన్నటిది" అని గుండిగను వెనక్కి పంపిన మనిషి ఆమె. అక్కాచెల్లెళ్లకు ఇప్పటికీ మాటల్లేవు. 'ఆ ఒక్కపూట అబద్ధం చెబితే పోయేది కదా' అని ఎవరైనా అంటే, "చెప్దామనే అనుకున్నా. నోరు తిరగలా," అంటుంది.

లెక్క ప్రకారం నీళ్ల రుచి ఆమెకు పదో వంతు తెలియాలి. కానీ తొమ్మిది వంతులు తెలిసింది. తను తింటున్న అన్నం రుచి మాత్రం, పెళ్లి మైకు పక్కన నిలబడి ఎవరో చెవిలో చెప్పిన రహస్యంలా, ఉందో లేదో అన్నట్టు మిగిలింది. ఆ సంగతి ఆమె నెల రోజులు దాచింది. వంట అడ్డదిడ్డంగా మారాకే బయటపడింది. తీసేస్తానని వకుళ కాళ్లావేళ్లా పడింది.

"నలభై వేల మంది నా నోటి మీద నమ్మకంతో నీళ్లు తాగుతుండారు. నేనొక్కదాన్ని కమ్మగా తినకుంటే ఏంబోయింది?" అంది భ్రమరాంబగారు. మాట గొప్పగానే ఉంది. కాని ఆ రోజు నుంచి ఆమె అన్నం తినడం, కాగితం నింపినట్టు, పని తెమిలించుకున్నట్టు ఉండేది. వకుళ అది రోజూ చూస్తూనే ఉంది.

ఊరు మాత్రం పండగ చేసుకుంది. ప్రారంభోత్సవం నాడు డిప్యూటీ ఇంజనీరు అంకిరెడ్డి ఉత్సాహం పట్టలేక, షట్టర్ తిప్పే పాత ఇనప చక్రాన్ని గ్యాస్ కట్టర్‌తో కోయించి, రంగులు వేయించి, ఆఫీసు ముందు తోటలో నిలబెట్టాడు. కింద పలక మీద 'మానవ శ్రమకు వీడ్కోలు' అని రాయించాడు. దానికి రోజూ ఒక బంతిపూల దండ.

* * *

బురద లేచిన వారానికి నల్లమల అంటుకుంది.

ఎండాకాలం అడవి ఎక్కడో ఒకచోట కాలడం మామూలే. ఈసారి గాలి కూడా కలిసొచ్చింది. మూడు కొండలు ఒకేసారి మండాయి. పొగ లోయలోకి దిగి కూర్చుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు తోమని రాగిచెంబులా కనిపించాడు. జనం ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని, దగ్గుకుంటూ, ఒకరినొకరు గుర్తుపట్టకుండా తిరిగారు.

ఊరంతా దగ్గుతుంటే భ్రమరాంబగారు కూనిరాగం తీస్తోంది.

"ఏమైంది అత్తయ్యా?" అంది వకుళ అనుమానంగా.

"అమ్మాయ్, దాలి పాలే!" ఆమె కళ్లు మెరిశాయి. "మా పుట్టింట్లో దొడ్లో గుంట తవ్వి, పిడకల సెగ మీద పాలకుండ పెట్టేవాళ్లు. పొద్దుగూకేదాకా కాగి, ఎర్రగా మీగడ కట్టి, పొగ వాసన పట్టేది. అట్టాంటి పాలు తాగి నలభై ఏళ్లయింది. పొద్దుటి నుంచీ నోట్లో అదే రుచి!"

ఆ పూట వంకాయ కూర అమోఘంగా కుదిరింది. మర్నాడు గుత్తి దొండకాయ. మూడోరోజు చారు తాగి విరూపాక్ష కళ్లు తుడుచుకున్నాడు. ఆరు నెలల్లో మొదటిసారి అత్తగారు మారు అన్నం పెట్టించుకుంది. ఆ ముఖం చూసి వకుళ గుండెలమీద బరువు సగం దిగింది. శాస్త్రవేత్త అన్నాక మొదటిరోజే అడగాల్సిన ప్రశ్నను అందుకే ఆమె మూడు రోజులు వాయిదా వేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇక ఆగలేక అడిగింది, తనను తానే. 'జలాశయానికి దాలి పాల రుచి ఎందుకొచ్చింది?'

రెండింటికల్లా స్కూటర్ మీద కట్ట దగ్గరికి చేరింది.

* * *

తూము షట్టర్ చూసుకునే లస్కర్ దస్తగిరి, పుట్టి పడవను సిద్ధం చేసి ఉంచాడు. ముక్కుకు కట్టిన తువ్వాలు కిందికి లాగి, "మేడం, ఇది చెరువా, పొయ్యి అడుగా?" అన్నాడు.

నీళ్ల మీద కాటుకలా మసి తెట్టు కట్టింది. తెడ్డు వేసిన చోట తెట్టు చీలి, కింద చిక్కటి ఆకుపచ్చ కనిపించింది. నీళ్లలో ఎవరో గోరింటాకు రుబ్బి కలిపినట్టుంది. చుట్టూ చేపలు టపటపా ఎగురుతున్నాయి.

"నాలుగు రోజుల నుంచీ ఇదే ఆట మేడం. ఎప్పుడూ పొద్దుగూకినాక ఎగిరేవి. ఇప్పుడు పట్టపగలే ఎగురుతుండాయి. పొగ తలకెక్కిందేమో."

వకుళ గుప్పెడు నీళ్లు తీసి పరీక్షగా చూసింది. నీళ్లలో చిన్న చిన్న పురుగులుండాలి. ఒక్కటీ లేదు.

"దస్తగిరీ, ఈ పచ్చటి నాచును తినే పురుగులు పగలు అడుక్కి పోయి దాక్కుంటాయి. చీకటి పడితేనే పైకొస్తాయి, చేపల భయంతో. ఇప్పుడు ఎండ లేదు. పొద్దుగూకిందనుకుని పైకొచ్చాయి."

"చేపలు నంజుకున్నాయి."

"అవును. తినే పురుగులు పోయాయి. పైనుంచి బూడిద పడుతోంది, అది నాచుకు ఎరువు."

"అంటే చేపలకు పెళ్లి భోజనం, నాచుకు ఎరువు. మరి మనకు?"

వకుళ సంచిలోంచి పరీక్ష పట్టీ తీసి నీళ్లలో ముంచింది. పట్టీ మీద రెండు గీతలు రావాలి. రెండో గీత రాకపోతే నాచు విషం కక్కుతోందని అర్థం. పది నిమిషాలు ఇద్దరూ కళ్లార్పకుండా చూశారు. ఒక గీత వచ్చింది. రెండోది రాలేదు. ఇంకో పట్టీ ముంచింది. అదీ అంతే.

"కాలేయం దెబ్బతింటుంది," అంది వకుళ. "కాచి తాగినా పోదు."

"మరి పెద్దమ్మ నాలుకకు తెలీలేదా?"

"మామూలుగా అయితే మురుగు వాసన తెలిసేది. ఇప్పుడు పొగ దాన్ని కప్పేసింది. పైగా ఆమెకు పొగ అంటే పాలు."

దస్తగిరి గడియారం చూశాడు. ఆ ఊళ్లో నాలుగు రోజులకొకసారి నీళ్లు. ఈరోజే ఆ రోజు. నాలుగింటికి షట్టర్ లేస్తుంది. కొళాయిల కింద బిందెలు పొద్దుటి నుంచే వరసలో ఉన్నాయి.

టైము రెండూ నలభై.

వకుళ అంకిరెడ్డికి ఫోన్ చేసి, "సార్, షట్టర్ లేవకుండా చేత్తో పట్టాలి," అంది.

"చెయ్యి యాడిదమ్మా? చక్రం మా ఆఫీసు తోటలో గదా ఉండాది."

"దాన్ని తెచ్చి వెల్డింగ్ చేయించండి!"

"చేసేవాడు బావమరిది పెళ్లికి పోయినాడు. పొద్దుగూకినాక వస్తాడు. కరెంటు తీసినా బ్యాటరీతో లేస్తాది. అయినా నాలుక ఏమంటుండాది?"

"బాగుందంటోంది."

"అయితే ఇంకేంది?"

"అది తప్పు సార్!"

"అమ్మా, ఆమె మా పెళ్లిలో జిలేబీ వెనక్కి పంపించింది. ఆమె తప్పని ఈ ఊళ్లో చెప్పే ధైర్యం ఎవరికుండాది? సరే, ఆటోలో మైకు పెట్టి తాగొద్దని చెప్పిస్తా. నాలుగు రోజులు ఆగి ఆగి ఉన్న జనం వింటారా? వినరు. నువ్వు పోయి ఆమె చేతనే 'ఛీ' అనిపించు. అది తప్ప దారి లేదు."

ఇంకో దారి ఉంది. అది వకుళ ఒక్కదానికే తెలుసు. దాని గురించి ఆలోచించకూడదనుకుంటూ స్కూటర్ ఎక్కింది. ఒక సీసా నిండా జలాశయం నీళ్లు సంచిలో వేసుకుంది.

* * *

దస్తగిరి ఫోన్ చెవిన పెట్టుకుని తూము దగ్గరే నిలబడ్డాడు. దారిలో వకుళ చెప్పిన ప్రకారం విరూపాక్ష ఇంటి దగ్గర పని మొదలుపెట్టేశాడు.

"అమ్మా," అన్నాడు ముఖం వీలైనంత దిగాలుగా పెట్టి. "జలాశయంలో బర్రె చచ్చి తేలిందట. నాలుగు రోజులైందట. ఉబ్బిపోయి..."

"అయ్యో! ఎవరి బర్రెరా?"

విరూపాక్ష అంత దూరం ఆలోచించలేదు. "ఎవరిదో..."

"ఎవరిదో ఏంది? నల్లదా, తెల్లమచ్చదా? ఈనిందా, చూడిదా? నువ్వు చూసినావా?"

"చూశాను... మచ్చది..."

"మచ్చ బర్రె ఈ ఊళ్లో మస్తానయ్యకు ఒక్కడికే ఉండాది. అది ఇప్పుడే మన గుమ్మం ముందు పేడ వేసి పోయింది. లెక్కల మాస్టారివి, అబద్ధం కూడా లెక్కగా చెప్పలేకపోతివి."

వకుళ లోపలికి వచ్చేసరికి విరూపాక్ష రెండో ప్రయత్నంలో ఉన్నాడు. మూలన పడి మురిగిన కోడిగుడ్డు ఒకటి తల్లి ముక్కు ముందు పగలగొట్టాడు. ఇల్లంతా గుప్పుమంది. భ్రమరాంబగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నీ చేతులిరగ! ఛీ!" అని అరిచింది.

ఫోన్లో దస్తగిరి కేక. "కదిలింది మేడం! గొళ్లెం కదిలింది! బెత్తెడు... అయ్యో, ఆగింది. మళ్లీ సర్దుకుంది."

"వాసన అసహ్యం ముక్కుతో పోతుంది. నాలుక దాకా రావాలి," అంది వకుళ.

"అయితే ఇంకో గుడ్డు..."

"ముట్టుకున్నావంటే చంపుతా," అంది భ్రమరాంబగారు. "ఏం జరుగుతుండాది ఇక్కడ? మొగుడూ పెళ్లాం కలిసి నాటకాలాడుతుండారా?"

వకుళ ఇక దాచలేదు. బూడిద, పురుగులు, చేపలు, నాచు, విషం, నాలుగింటికి లేచే షట్టర్, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది. అత్తగారి ముఖం ఎర్రబడింది.

"నా నాలుక తప్పంటావా? ముప్పై ఏళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అన్లేదు. నిన్నగాక మొన్న ఇంట్లోకొచ్చి, చారులో ఇంగువ ఎప్పుడెయ్యాలో తెలీని దానివి, నువ్వు చెప్తావా నాకు?"

వకుళ సంచిలోంచి సీసా తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టింది. అడుగున బూడిద, నడుమ చిక్కటి పచ్చదనం, పైన తేలుతున్న మసి. అందులో ఒక చిన్న చేప వెల్లకిలా పడి ఉంది. పట్టినప్పుడు వకుళ దాన్ని చూడలేదు.

భ్రమరాంబగారు సీసాను వెలుతురులో తిప్పింది. మూత తీసి వాసన చూసింది. కళ్లు మూసుకుంది. వద్దన్నా ఆమె పెదవుల మీద నవ్వు వచ్చేసింది. కళ్లు తెరిచి చేపను చూసింది. నవ్వు పోయింది.

"కంటికి తెలుస్తుండాది," అంది. "నాలుకకు తెలీడంలా."

"అనుకోండి అత్తయ్యా. చెడ్డదని గట్టిగా అనుకోండి."

ఆమె నిజంగానే ప్రయత్నించింది. కళ్లు గట్టిగా మూసి, ముక్కు ముడిచి, పళ్లు కొరికి, "ఛీ," అంది. "ఛీఛీ. థూ. కుళ్లు. మురుగు. ఇది ఒక రుచేనా?"

"ఏమైంది దస్తగిరీ?"

"కదల్లా మేడం."

"మా చెల్లెలి పులిహోర!" అని అరిచింది భ్రమరాంబగారు ఆవేశంగా.

"ఇసుమంత కదిలినట్టే ఉంది... లేదు. గాలికి."

ఆమె ఉసూరుమని కుర్చీలో కూలబడింది. ఊరంతా ప్రాణాలు పోతాయన్నా మంచి రుచిని చెడ్డదనడం ఆ నాలుకకు చేతకాలేదు. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

"ఈ బిళ్ల పీకేస్తే?" అంది చెవి వెనక తడుముకుంటూ.

వకుళ బల్ల మీది సీసాకు మూత బిగించసాగింది.

"నిన్నే. పీకేస్తే ఏమవుద్ది?"

"షట్టర్‌కు దానంతటదే గొళ్లెం పడుతుంది. సంబంధం ఎక్కడ తెగినా అంతే, అట్లాగే పెట్టాం. కానీ..." వకుళ సీసాను పక్కకు జరిపింది. "బిళ్లను రెండు వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ తీయాలి. ఇక్కడైనా, అక్కడ తూము దగ్గరైనా ఒక్కసారిగా తెంపితే నరం మొద్దుబారుతుంది. మీ రుచి మీకు తిరిగి రాకపోవచ్చు."

"ఎన్నాళ్లు?"

"తెలీదు. ఎప్పటికీ రాకపోవచ్చు."

విరూపాక్ష తల్లి పక్కన నేలమీద కూర్చుండిపోయాడు. బయట అంకిరెడ్డి ఆటో 'నీళ్లు తాగవద్దు' అని అరుచుకుంటూ పోయింది. వెనకాలే ఎవరో 'అయితే నువ్వొచ్చి పొయ్యి నీళ్లు' అని తిట్టడం, బిందెల చప్పుడు వినిపించాయి.

"నెల తిరిగితే ఆవకాయలు," అంది భ్రమరాంబగారు ఎవరితోనో అన్నట్టు. "పిలుస్తారు. ఏం చెప్పాలి?"

ఆమె గడియారం వైపు చూసింది.

"నాలుగింటికి గదా నీళ్లు వదిలేది? మూడూ యాభైకి పీకుదువు. అందాకా నన్నెవరూ కదిలించబాకండి."

ఆమె వెళ్లి వెనక వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. పొగలో జామచెట్టు కూడా సరిగా కనిపించడం లేదు. కళ్లు మూసుకుని, గ్లాసు ఏమీ లేకుండానే, ఒక్కో గుటకా మింగసాగింది. మధ్యలో ఒకసారి, "అడుగున గీకిన మీగడ ఎవరికన్న దగ్గర మా తమ్ముడికీ నాకూ యుద్ధాలయ్యేవి," అంది. ఇంకోసారి, "పెట్టేది మాత్రం వాడికే," అంది. వకుళ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని గడియారం వంక చూస్తోంది. తన పెళ్లయిన తొమ్మిదేళ్లలో అత్తగారు ఏదైనా తింటూ తాగుతూ ఇంత నెమ్మదిగా ఉండటం ఆమె చూడలేదు.

"అమ్మా, మూడూ నలభై ఎనిమిది," అన్నాడు విరూపాక్ష.

"నోర్ముయ్. తాగనీ."

మూడూ యాభై దాటింది. యాభై రెండు. వకుళ చెయ్యి ఎత్తింది, దించింది. యాభై మూడు. తూము దగ్గర మోటారు గుర్రుమనడం మొదలైందని ఫోన్లో దస్తగిరి అరుస్తున్నాడు.

భ్రమరాంబగారు ఆఖరి గుటక వేసింది. జడ పక్కకు తీసి మెడ వంచింది. "నువ్వే పీకు అమ్మాయ్. వాడి చేతులు వణుకుతాయి."

వకుళ గోటితో బిళ్ల అంచు లేపి, పీకింది.

"గొళ్లెం పడింది మేడం!" ఫోన్ బద్దలయ్యేలా కేక. "దబ్బుమని పడింది! చుక్క పోలా!"

భ్రమరాంబగారు లేచి వంటింట్లోకి వెళ్లి, ఉప్పు డబ్బాలో వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. కాసేపు ఆగింది. బెల్లం ముక్క కొరికింది. పచ్చిమిరపకాయ నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికే. రుచికి కాదు.

"ఇసక," అంది. "అంతా ఇసకే."

* * *

మూడు రోజులు ఊరు భ్రమరాంబగారిని, ఆమె కోడలిని కలిపి తిట్టింది. నాలుగో రోజు కట్ట మీద నీళ్లు తాగిన రెండు మేకలు పడిపోయాయి. ఆరో రోజు చేపలు తెల్లగా తేలాయి. తిట్టినవాళ్లు అరటిపళ్లు పట్టుకుని ఇంటికొచ్చారు. భ్రమరాంబగారు ఆ పళ్లు తిని "మెత్తగా ఉండాయి" అంది. అంతకుమించి చెప్పడానికి ఆమెకు ఏమీ తెలియలేదు.

అకాలవానకు అడవి ఆరింది. అంకిరెడ్డి చక్రాన్ని తోటలోంచి పెకలించి, దండతో సహా వెల్డింగ్ చేయించాడు. వకుళ తన పరిశోధన ఆపేసి, పై అధికారులకు ఒకే ఒక్క వాక్యం రాసింది. 'నాలుకకు జ్ఞాపకం ఉంటుందన్న సంగతి మేము లెక్కలోకి తీసుకోలేదు.'

ఇంట్లో వంట ఇప్పుడు ఆమెదే. నెల దగ్గరపడ్డా అత్తగారు రుచి గురించి పెదవి విప్పలేదు. తిరిగొచ్చిందో లేదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఒకరోజు వకుళ కావాలనే ఉప్పు రవ్వంత కూడా వేయకుండా చారు కాచి పెట్టింది. విరూపాక్ష మొదటి ముద్దకే ఆగి భార్య కళ్లలోకి చూసి, ఏమీ అనకుండా మింగాడు.

భ్రమరాంబగారు గిన్నెడు చారు తాగి, మూతి తుడుచుకుని, "బాగుందమ్మాయ్," అంది.

తొమ్మిదేళ్లలో ఆ మాట అదే మొదటిసారి. వకుళ వంటింట్లోకి వెళ్లి, మిక్సీ వేసి, ఆ మోతలో ఏడ్చింది.

మర్నాడు ఎదురింటి సుబ్బరత్నమ్మ వచ్చింది. "వదినా, రేపు ఆవకాయ కలుపుతుండాం. నువ్వొచ్చి చూసిపోతేనే జాడీకెత్తేది."

"వస్తాలే," అంది భ్రమరాంబగారు.

సుబ్బరత్నమ్మ గడప దాటగానే వకుళ కంగారుగా, "అత్తయ్యా! ఎట్లా?" అంది.

"నువ్వు గూడా రా."

మర్నాడు సుబ్బరత్నమ్మ వసారాలో పెద్ద బేసిన్ నిండా ఎర్రటి ఆవకాయ. చుట్టూ పది మంది ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. భ్రమరాంబగారు దర్జాగా పీట మీద కూర్చుని, ఒక ముక్క తీసి, అందరూ చూస్తుండగా కోడలి నోటికి అందించింది.

"ఈసారి నుంచీ కోడలికి నేర్పుతుండా. ఊఁ, తిను. ఎట్టా ఉంది?"

వకుళ నమిలింది. "బాగుంది."

భ్రమరాంబగారు ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. నుదురు, ముక్కు, గొంతు, ఒకదాని తర్వాత ఒకటి. తర్వాత సుబ్బరత్నమ్మ వైపు తిరిగింది.

"ఉప్పు ఒక గుప్పెడు ఎక్కువైంది. ఆవపిండి ఘాటు చాలలా, పాత ఆవాలు పట్టించినట్టుండావు. నూనె రేపు ఇంకో గ్లాసు పడుద్ది."

సుబ్బరత్నమ్మ నోరు తెరిచింది. "ఆవాలు పోయినేటివే వదినా! నోట్లో పెట్టుకోకుండానే ఎట్టా చెప్పినావు?"

"నోట్లో పెట్టుకునే రోజులు అయిపోయినాయిలే. ఇప్పుడు చూస్తే చాలు."

ఆడవాళ్లందరూ లెంపలు వేసుకున్నంత పని చేశారు.

వీధిలోకి వచ్చాక వకుళ ఆగిపోయింది. "అత్తయ్యా, నేను బాగుందనే కదా అన్నాను. నా ముఖంలో అంత ఎట్లా కనపడింది మీకు?"

"తొమ్మిదేళ్ల నుంచీ నా వంట తిని బాగుందంటుండావు," అంది భ్రమరాంబగారు చెప్పులో కాలు పెడుతూ. "యే రోజు నిజమో, యే రోజు అబద్ధమో నాకు తెలీదనుకున్నావా?"

వకుళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తగారు అప్పటికే నాలుగడుగులు ముందుకు వెళ్లిపోయింది.

"పద పద, ఇంకా నాలుగిళ్లుండాయి. దారిలో యాడా నీళ్లు తాగబాక, నాలుక చెడుద్ది."